అందరికీ తెలిసిన పాస్‌వర్డ్

లక్ష్మా ఇంకా లేవలేదు.

పొద్దున పాలు పోసే మనిషి రాకముందే వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. ఇప్పుడు ఎండ అరుగంతా పరుచుకుంది. రుమాలు విప్పి తల మీద వేసుకున్నాడే తప్ప నీడలోకి జరగలేదు. ఆ ఇంటి పెద్దావిడ సమ్మక్క చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. అతను చెంబు వంక చూడలేదు.

"నీళ్లతోటి నీకేం పగ లక్ష్మా? తాగు," అంది సమ్మక్క.

"పగ గాదక్కా. నా బిడ్డ సంగతి తేలనియ్యి. గప్పుడు తాగుత."

లక్ష్మా తండాలో అది పద్ధతి. తగువు ఉన్న ఇంట నీళ్లు ముట్టరు. కేకలు వేయరు, తిట్టరు. వచ్చి కూర్చుంటారు, అంతే. ఆ సంగతి కురవిలో అందరికీ తెలుసు కాబట్టి దారిన పోయే ప్రతి మనిషీ ఒకసారి ఆగి, నిండుగా ఉన్న చెంబును చూసి పోతున్నాడు.

వంటింటి గడపలో నిలబడిన సమ్మక్క కూతురు సుమనకు, అతను తిట్టినా బాగుండేదనిపించింది.

లోపల ఆమె అన్న సురేందర్ అద్దం ముందు నిలబడి చొక్కా జేబుకు నల్ల రిబ్బను పెట్టుకుంటున్నాడు. చౌరస్తాలో తెలంగాణ సమ్మె శిబిరానికి పోవాలి. పిన్నీసు గుడ్డలోకి దిగడం లేదు.

"పోయి ఒక్క మాట మాట్లాడరాదు?" అంది అతని భార్య సుజాత. "బయటికి పోవాల్నంటె ఆయనను దాటే పోవాలె."

"ఏం మాట్లాడాలె? నేను మార్చిన్నా? మన నెట్ సెంటర్‌ల కాలేజీ ఆప్షన్లు పెట్టిచ్చుకున్నరు, పోయిన్రు. తర్వాత ఎవరేం చేసిన్రో నాకేం ఎరుక?"

"మిషన్ నీది గద."

"మిషన్ నాదే. ఇంటర్నెట్ నాదా? అమెరికల కూసోని ఎవడన్న మార్చచ్చు. పేపర్ల సదువుతలేవా, హ్యాకింగ్ అంటరు."

సుజాత చేతిలోని చీరను మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. "అమెరికావోనికి మన నీలి సీటుతోటి ఏం పని?"

సురేందర్ పిన్నీసు మళ్లీ గుచ్చబోయాడు.

నీలి లక్ష్మా కూతురు. ఇంటర్ రెండేళ్లూ సుమన, నీలి ఒకే బస్సులో మానుకోటకు పోయి వచ్చారు. టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్షలో నీలికి మంచి ర్యాంకు వచ్చింది. హన్మకొండలోని సర్కారు ట్రైనింగ్ కాలేజీ మొదటి పేరుగా పెట్టమంది. సుమనే టైపు చేసింది. ఒక్కో అక్షరం నీలికి చూపించి, సరేనంటేనే ముందుకు పోయింది. కానీ మొన్న వచ్చిన సీట్ల జాబితాలో నీలి పేరు పక్కన హైదరాబాదు అవతల ఎక్కడో ఉన్న ప్రైవేటు కాలేజీ కనిపించింది. ఆ పేరు వాళ్లిద్దరూ ఎన్నడూ విని ఉండలేదు.

తెరిచి చూద్దామంటే నీలి పాస్‌వర్డ్ పనిచేయడం లేదు. ఎవరో లోపలికి పోయి, కాలేజీ మార్చి, తాళం కూడా మార్చి వచ్చారు. రెండో విడత, అదే ఆఖరిది, రేపు సాయంత్రంతో ముగుస్తుంది. అప్పటిలోగా లోపలికి పోగలిగితే హన్మకొండ పేరు మళ్లీ పెట్టుకోవచ్చు. లేకపోతే ఆ తెలియని కాలేజీలో ఫీజు కట్టి చేరాలి. లక్ష్మా అంత ఫీజు కట్టలేడు. అంటే నీలి చదువు ఇక్కడితో ఆగిపోయినట్టే.

"అన్నా," అంది సుమన. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఈ మూడు రోజుల్లో ఇంట్లో ఆమె మాట్లాడింది తక్కువ. "మనం అందరికీ ఒక్కటే పాస్‌వర్డ్ పెట్టినం. ఆ మాట చెప్పేద్దాం."

సురేందర్ అద్దంలోనుంచే ఆమెను చూశాడు.

"మెల్లగ మాట్లాడు."

"అందరికి తెల్సిన మాట గద అది. ఎవరన్న తెరిచి ఉంటరు. హన్మకొండ హెల్ప్ సెంటర్‌ల గీ సంగతి చెప్తె, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి కొత్త పాస్‌వర్డ్ ఇస్తరు. నేను ఫోన్ చేసి అడిగిన. నీలి స్వయంగా రావాలన్నరు."

"బస్సులు బందున్నయి. ఎట్ల పోతరు?"

"నీ బండి ఉన్నది గద."

"ఇయ్యాల మరిపెడ రోడ్డు మీద రాస్తారోకో. నేను లేకుంటె ఎట్ల?" అతను పిన్నీసును బల్ల మీద విసిరాడు. "అయినా ఏం చెప్తవ్ ఆడ? సురేందర్ నెట్ సెంటర్‌ల అందరి పాస్‌వర్డ్ జై తెలంగాణ అని చెప్తవా? ఆంధ్రోళ్లకు నవ్వనీకి ఇంకో కథ ఇస్తవా?"

సుజాతకు ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. "అదైతె నిజమే. మా అవ్వ గూడ గంతే. ఏటీఎం కాడ నిలబడి నాలుగంకెలు పెద్దగ సదువుకుంట ఒత్తుతది. ఎనకున్న లైనంత ఇంటది."

నవ్వే స్థితిలో ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయింది.

అది మొదలైన రోజు సుమనకు బాగా గుర్తుంది. ఎండాకాలంలో ఒక పిల్లవాడు తన పాస్‌వర్డ్ మరిచిపోయి సెంటర్‌లో ఏడ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి ఏదో పెట్టుకున్నాడు, ఇంటికి పోయేలోపే మరిచాడు. సురేందర్ అతన్ని ఓదార్చి, అక్కడున్న అందరికీ వినిపించేలా అన్నాడు: "ఇగ నుంచి మన సెంటర్‌ల అందరికి ఒక్కటే మాట. జై తెలంగాణ. ఇంగ్లీషుల, మధ్యల జాగ లేకుంట. గా మాట మర్చిపోయేటోడు ఈ తాలూకల ఉన్నడా?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురుగా కనకయ్య హోటల్‌లో చాయ్ తాగేవాళ్లు కూడా కొట్టారు. అప్పటి నుంచి తండాల నుంచి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలందరికీ అదే. పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే నీలి పిడికిలి ఎత్తి చెప్పేది. అప్పట్లో అది దాచుకోవలసిన మాటని ఎవరికీ తోచలేదు. గట్టిగా అనడానికే పుట్టిన మాట కదా.

సుమన అరుగు మీదికి వచ్చి లక్ష్మాకు కొంచెం దూరంలో కూర్చుంది.

"కాకా, నీలి ఫోన్ ఎత్తుతలేదు."

"ఎత్తదు బిడ్డా."

"నేను మార్చలేదని జర చెప్పు."

లక్ష్మా రోడ్డు వంక చూశాడు. "నేనేం అంటలేను. మిషన్ సంగతి నాకేం తెలుసు. నా బిడ్డ ఏమంటదంటె, ఆ మిషన్ల ఏమేం పెట్టిన్నో నాకు, సుమనకే ఎరుక అంటది. సుమన నన్ను పోవద్దన్నది అంటది."

సుమనకు ముఖం వేడెక్కింది.

అన్నది నిజమే. ఆప్షన్లు పెట్టిన రోజు షట్టర్ దించుతూ, "నువ్వు హన్మకొండ పోతె నేను ఒక్కదాన్నే అయిత. పోకే," అంది. నీలి నవ్వి ఆమె జడ లాగింది. సుమన ప్రవేశ పరీక్ష రాయలేదు. అన్న ఉద్యమంలో తిరుగుతుంటే సెంటర్ ఎవరు చూస్తారన్నారు ఇంట్లో. అదొక్కటే, మనసులోంచి జారిన మాట. ఇప్పుడు అదే సాక్ష్యమైంది.

"గా మాట నేనన్న కాకా. కని మార్చలే."

"సరే బిడ్డా," అన్నాడు లక్ష్మా. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు.

మోటారు సైకిల్ వచ్చి ఇంటి ముందు ఆగింది. దయాకర్. జనగామ మనిషి. నాలుగు జిల్లాల్లో కమీషన్ మీద కాలేజీలకు పిల్లల్ని చేర్పిస్తుంటాడు. శిబిరంలో సురేందర్ పక్కనే కూర్చుంటాడు, మైకులో పాట కూడా బాగా పాడతాడు. బండి దిగుతూనే చెంబును చూశాడు, లక్ష్మాను చూశాడు, విషయం గ్రహించాడు.

"ఏంది మామా, ఎండల గిట్ల కూసున్నవ్? సురేందరూ, పెద్దమనిషిని గిట్లనేనా కూసోబెట్టేది?"

సురేందర్ గబగబా బయటికి వచ్చాడు. ఆ పొద్దున అతని ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

"నువ్వే చెప్పు దయాకరన్నా. నేను పరేషాన్ అయి ఉన్న."

దయాకర్ అరుగు మీద, లక్ష్మాకు ఆనుకొని కూర్చున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీలి సంగతే గద. ఇన్న. కంప్యూటర్ అన్నంక గిట్లనే అయితయి మామా. ఒక్కోసారి దానంతట అదే పక్క కాలేజీకి జరుగుతది. లోడ్ ఎక్కువైతె గంతే."

"దానంతట అదెట్ల జరుగుతది?" అంది సుమన.

దయాకర్ ఆమె వైపు చూసి చిన్నపిల్లను చూసినట్టు నవ్వాడు. "నువ్వు టైపింగ్ నేర్చినవ్ చెల్లె. సర్వర్ సంగతి వేరే ఉంటది." మళ్లీ లక్ష్మా వైపు తిరిగాడు. "నాకు హన్మకొండల మనోళ్లు ఉన్నరు. సమ్మెల గూడ నా మాట ఇంటరు. లే, తండకు పోదాం. నీలితోటి మాట్లాడి ఏం చేయాల్నో చూస్త. నా బండి మీదనే పోదాం."

లక్ష్మా లేచాడు. కాళ్లు తిమ్మిరెక్కి కాసేపు గోడ పట్టుకొని నిలబడ్డాడు. నీళ్లు తాగకుండానే బండెక్కాడు.

సమ్మక్క చెంబెత్తి ఆ నీళ్లను మందారం చెట్టు మొదట్లో పోసింది. "దేవునోలె వచ్చిండు," అంది. సుజాత ఊపిరి పీల్చుకుంది. సురేందర్ రిబ్బను పెట్టుకొని, ఈల వేసుకుంటూ చౌరస్తా వైపు నడిచాడు.

సుమనకు కూడా గుండె తేలికపడింది. అన్నం తినబుద్ధి వేసింది. నీలికి ఇప్పుడు దారి దొరుకుతుంది, రేపో ఎల్లుండో ఫోన్ ఎత్తుతుంది అనుకుంది. పళ్లెం ముందు కూర్చోగానే ఇంటి ఫ్యాను కదిలింది.

"కరెంటొచ్చింది," అంది సుజాత. "ఎంతసేపుంటదో. మా అన్నకు చెప్పాలె, జరసేపు బాయిల దిగి బొగ్గు తీయమని." ఆమె అన్న భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికుడు. సమ్మె మొదలైనప్పటి నుంచి బాయిలో దిగలేదు. బొగ్గు లేక కరెంటు లేదు, కరెంటు పోయినప్పుడల్లా సుజాతకు ఒక రకమైన గర్వం.

సుమన చెయ్యి కడుక్కొని సెంటర్‌కు పరుగెత్తింది. మొదటి విడతలో సీటు రాని మిగతా పిల్లల ఆప్షన్లు, రెండో విడత ముగిసేలోపు ఒకసారి సరిచూడాలనిపించింది. అంతకు మించి అనుమానమేమీ లేదు.

షట్టర్ సగం ఎత్తి లోపలికి వంగింది. రెండు కంప్యూటర్లలో ఒకటి ఈ మధ్య మొరాయిస్తోంది. రెండోదాన్ని ఆన్ చేసి, ఇంటర్నెట్ డోంగిల్ దీపం పచ్చగా మారేదాకా చూస్తూ కూర్చుంది. బయట శిబిరంలో డప్పు మోగుతోంది. కౌన్సెలింగ్ పేజీ పైనుంచి కిందికి మెల్లగా వచ్చింది. హాల్‌టికెట్ నంబరు పెట్టే గడిలో మొదటి అంకె కొట్టగానే, ఇదివరకు కొట్టిన నంబర్లన్నీ వరుసగా కిందికి జారాయి. ఆ మిషన్ ఎవరినీ మరిచిపోదు.

వాటిలో వర్ష అనే పిల్ల నంబరు ఎంచుకుంది. జై తెలంగాణ అని కొట్టింది. తలుపు తెరుచుకున్నట్టు పేజీ తెరుచుకుంది.

వర్ష మొదటి పేరు కూడా హైదరాబాదు అవతలి ఆ కాలేజీయే.

సుమన చేతులు ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ చూసింది. వర్షకు మానుకోట దాటి పోవడం ఇష్టం లేదు, తల్లికి మూర్ఛ వ్యాధి. దగ్గరి కాలేజీ కోసం సుమనతో మూడుసార్లు మార్పించుకుంది.

గంగాబాయిది తెరిచింది. అదే కాలేజీ. హరీశ్‌ది తెరిచింది. అదే. మరొకటి, మరొకటి. కొందరివి మారలేదు. మారినవాటన్నిటిలో మొదటి పేరు ఒక్కటే.

దానంతట అదే జరిగితే అందరూ ఒకే దిక్కుకు ఎందుకు జరుగుతారు?

పోయిన వారం ఆమె జ్వరంతో పడుకుంది. సురేందర్ శిబిరంలో ఉన్నాడు. సెంటర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆమె అప్పుడు అడగలేదు. జ్వరం తగ్గి వచ్చిన రోజు ఈ కుర్చీ ఎత్తు మారి ఉంది. పొడుగు మనిషి ఎవరో కూర్చున్నట్టు. దాన్ని మళ్లీ తన ఎత్తుకు దించుకుంది, అంతకుమించి ఆలోచించలేదు.

ఫోన్ చేస్తే సురేందర్‌కు డప్పుల మోతలో వినిపించలేదు. మళ్లీ మళ్లీ చేస్తే విసుక్కుంటూ వచ్చాడు. షట్టర్ కింద నుంచి వంగి, లోపల అడుగుపెట్టి, తెర వంక చూశాడు. ఆమె ఒక్కొక్కరి పేజీ చూపించింది. ఏమీ వివరించలేదు.

"నాకు జ్వరమొచ్చినప్పుడు చెవి ఎవరికిచ్చినవ్ అన్నా?"

అతను జేబు మీది రిబ్బను సర్దుకున్నాడు.

"ప్రింట్లు తీసుకుంటనన్నడు," అన్నాడు చివరికి. "పాంప్లెట్లు."

"దయాకరన్ననా?"

"ఆయనే చేసిండని ఎట్లంటవ్? చూసినవా? ఉద్యమంల ఉన్నోడు. నాతోటి లాఠీ దెబ్బలు తిన్నడు. మొన్న నా తల పలగకుంట తన చెయ్యి అడ్డం పెట్టిండు. గసొంటోడు గీ పని చేస్తడా?"

"చెయ్యి అడ్డం పెట్టింది నిజమే అన్నా. గిది గూడ నిజమే గద."

సురేందర్ స్టూలు మీద కూలబడ్డాడు. అన్న ముఖం ఒక్కసారిగా నాయిన పోయిన రోజు ముఖంలా కనిపించి సుమన కళ్లు తిప్పుకుంది.

"ఎవరికి చెప్పకు," అన్నాడు. "సమ్మె అయిపోనియ్యి. ఇప్పుడు గీ ముచ్చట బయటికొస్తె శిబిరం పలుచనైతది. మన సెంటర్ బందైతది. ఎన్నిండ్ల పిల్లలో మన మీద పడ్తరు."

"రేపు సాయంత్రం దాకనే టైమున్నది."

"నాకు తెల్వదా?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను దయాకర్‌తోటి మాట్లాడుత. నువ్వు మాత్రం ఏం ముట్టకు," అని వంగి బయటికి పోయాడు. కాసేపటికి మైకులో అతని గొంతు వినిపించింది. నినాదం ఇస్తున్నాడు. జనం తిరిగి అంటున్నారు. అదే మాట. సుమన వేళ్ల కింద ఉన్న మాట.

మైకు పట్టుకొని మీ పాస్‌వర్డ్‌లు మార్చుకోండని చెబితే? ఎవరు ముందు మిషన్ ముందుకు చేరితే వాళ్లదే రాజ్యం. తండాల నుంచి పిల్లలు నడిచి వచ్చేలోపు, బండి మీద తిరిగేవాడే ముందు చేరతాడు. ఎప్పుడు కరెంటు పోతుందో తెలియదు.

అడగకుండా వాళ్ల తలుపులు తెరవడం తప్పు. దయాకర్ చేసింది అదే. తెరిచి ఉన్న తలుపులను చూసి ఇంటికి పోయి పడుకోవడం మాత్రం తన వల్ల కాదనిపించింది.

సుమన మొదట వర్షది మార్చింది.

కొత్త మాట ఏం పెట్టాలి? అందరికీ ఒకటి పెడితే మళ్లీ అదే కథ. అంకెలు పెడితే వాళ్లకు గుర్తుండవు. కాసేపు ఆలోచించింది. వర్ష సీసాతో పాలు పట్టి బతికించుకున్న మేకపిల్ల ఉంది. దాని పేరు పెట్టింది. గంగాబాయి చిన్నప్పుడు తల్లితో చెరకు నరకడానికి పోయిన ఊరు ఉంది. ఆ ఊరి పేరు. హరీశ్ స్కూలు పరుగు పందెంలో వేసుకున్న బనియన్ మీది అంకె, దాని ముందు వాళ్ల ఎద్దు పేరు. సెంటర్‌లో కూర్చొని వంతు కోసం ఎదురుచూస్తూ వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న ముచ్చట్లు అవి. ఆమెతో చెప్పినవి కావు. ఆమె టైపు చేస్తూ విన్నవి.

ఒక్కొక్కరి తలుపు మూసుకుంటూ పోయింది. వీళ్లలో ఎవరినైనా పిలిచి, సుమనకు ఇష్టమైనదేమిటో ఒక్క మాట చెప్పమంటే ఏం చెబుతారు? కీబోర్డు మీద వేళ్లు ఆగాయి. నీలి అయితే చెప్పగలదు.

నీలి నంబరు ఎంచుకొని మరొకసారి పాత మాట కొట్టింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. నీలికి ఇష్టమైనవన్నీ కొట్టింది. ఎర్ర అక్షరాలే. ఆ తాళం వేసిన మనిషికి నీలి గురించి ఏమీ తెలియదు. అందుకే ఎంత తెలిసినా ఆ తలుపు తెరుచుకోదు.

మిగిలిన ఆఖరి పేజీ మూసేసరికి కరెంటు పోయింది. చీకటి తెరలో తన ముఖం కనిపించింది. ఫోన్ తీసి ఒక్కొక్కరికీ కబురు చేసింది. "ఒకసారి సెంటర్‌కు రండి. ఫోన్‌ల చెప్పేది గాదు."

పొద్దు వాలే వేళకు పిల్లలు రావడం మొదలైంది. కొందరు అప్పటికే ఇంకోచోట ప్రయత్నించి చూశారు.

"పడ్తలేదక్కా," అంది వర్ష. "మానుకోటల మా చిన్నమ్మ కొడుకు సెల్లుల కొట్టిచ్చిన. తప్పు అంటంది."

సుమన ఆమెను పక్కకు పిలిచి చెవిలో చెప్పింది. వర్ష ముఖంలో నవ్వు రాబోయి ఆగింది.

"గా పేరు నీకెట్ల తెలుసు?"

"నువ్వే అన్నవ్, ఓసారి."

"నీతోటి అనలే నేను." వర్ష ఒక అడుగు వెనక్కి వేసింది. "అంటె మావి అన్ని తెరిచి చూసినవా?"

మిగతావాళ్లు మాటలు ఆపి వింటున్నారు. ఎవరో, "గట్లైతె నీలిది గూడ..." అని సగంలో ఆపేశారు.

నీలి అప్పుడే వచ్చింది, తండ్రి వెనకాల. మూడు రోజుల్లో కళ్ల కింద నలుపు దిగింది. గుంపు రెండుగా చీలి ఆమెకు దారి ఇచ్చింది. గొడవ విని శిబిరం నుంచి సురేందర్ కూడా వచ్చాడు. వెంట నలుగురైదుగురు.

"ఏందిది సురేందరన్నా? మావి ఎవరు మార్చిన్రు?" అడిగింది వర్ష.

సురేందర్ గుంపు వంక చూశాడు. వెంట వచ్చినవాళ్ల వంక చూశాడు. సుమన వంక చూడలేదు.

"మార్చింది మా సుమననే," అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అయినా ఆ మాట పూర్తయ్యేసరికి సుమన చుట్టూ ఖాళీ అయినట్టయింది.

నీలి దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుంది సుమన. కొట్టలేదు.

"నాది ఏం పెట్టినవ్?" అంది మెల్లగా. "నేనేం అనను. ఎవరికి చెప్పను. గా ఒక్క మాట చెప్పు. నాకు సీటు గావాలె సుమనా."

"నీది నేను మార్చలే."

"అందరియి మార్చి నాదొక్కటి ఇడిసిపెట్టినవా?"

"నీది ముందే మార్చిన్రు. దయాకరన్న మార్చిండు."

"సుమనా!" అన్నాడు సురేందర్.

"సెంటర్ చెవి ఆయనకు ఇచ్చినం మేము," అంది సుమన. ఇప్పుడు ఆమె గొంతు అందరికీ వినిపిస్తోంది. "అందరియి ఒక్క కాలేజీకే మార్చిండు. మీవి మళ్ల మార్చకుంట నేను తాళం మార్చిన. అడగకుంట తెరిచిన, తప్పే. రేపు పొద్దుగాల రాండ్రి, ఎవరియి వాళ్లే సరి చేసుకోండ్రి. నీలీ, నన్ను నమ్మకు. నమ్మకపోయినా మంచిదే. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకొని రా. ఏదో ఒక బండి మాట్లాడుకొని హన్మకొండ పోదాం. అవి చూపిస్తె కొత్త పాస్‌వర్డ్ ఇస్తరు. ఇంకా టైమున్నది."

శిబిరంలో డప్పు ఆగినట్టుంది.

లక్ష్మా కూతురితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. మళ్లీ అన్నాడు. నీలి తల దించుకుంది.

"ఏమైంది కాకా?"

"సర్టిఫికెట్లు మా కాడ లేవు బిడ్డా," అన్నాడు లక్ష్మా. "హన్మకొండల చూపియ్యాలె అన్నడు దయాకర్. పెద్దసార్లతోటి తనే మాట్లాడుతనన్నడు. పదోది, ఇంటర్‌ది, కుల సర్టిఫికెట్... అన్ని సంచిల పెట్టి ఆయన చేతికే ఇచ్చినం. పగటీలి పోయిండు."

సురేందర్ జేబులోంచి ఫోన్ తీసి దయాకర్ నంబరు కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ కొట్టాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. అతని ముఖం చూశాక ఏమైందని ఎవరూ అడగలేదు.

నీలి సుమన వైపు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె కళ్లలోకి నేరుగా చూసింది.

"ఇచ్చే ముందు నీకు ఫోన్ చేద్దామని తీసిన," అంది. "నీ పేరు దాక వచ్చి, మళ్ల పెట్టేసిన."